మందాకిని ఎక్కడికి వెళ్ళింది?

ఆదివారం పొద్దున్న పదింటికి ముందుగదిలో వీణ మోగితే వంటింట్లో పాలు పొయ్యి మీదికి ఎక్కాలి. ఆ వీణ ‘సంపెంగ బంగళా’ సీరియల్ మొదట్లో వచ్చే పాట. పాట ముగిసేసరికి పాలు పొంగాలి, పేర్లు పడటం అయ్యేసరికి డికాక్షన్ కలవాలి, కథలో మొదటి మాట వినపడే వేళకి గ్లాసులు పళ్ళెంలో ముందుగదికి చేరాలి. ఇలాగని కనకవల్లికి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే నేర్చుకుంది. కాపురంలో ఆమె నేర్చుకున్నవి చాలావరకు అలా నేర్చుకున్నవే.

ఆ సీరియల్ మొదటి భాగమంతా ఆమె విన్నదే తప్ప చూసింది కాదు. నిడదవోలులో వాళ్ళుండే వీధికి రంగుల టీవీ వాళ్ళింట్లోనే ఉంది. భర్త అనంతకృష్ణ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మనుషులంటే ఇష్టం, మనుషులు తన మాట వింటే మరీ ఇష్టం. ఆదివారమయ్యేసరికి స్టేషన్లో టిక్కెట్లిచ్చే హరిబాబు, ఎరువుల కొట్టు సత్యప్రసాద్, పక్కింటి రైతు చంద్రరావు, అతని భార్య వీరవేణి వచ్చి కూర్చునేవారు. మగవాళ్ళకి కుర్చీలు. అత్తగారికి పడకకుర్చీ. వీరవేణికి చాప. ఇంటికి వచ్చిన ఆడమనిషికి చాప ఉంది. ఇంట్లో ఉన్న ఆడమనిషికి గుమ్మం ఉంది. కాఫీలిచ్చి, ఖాళీ గ్లాసులు ఏరుకుని, ఆ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడితే తెర మీద ఎవరి వీపో, ఎవరి చెయ్యో, మూసుకుంటున్న తలుపో కనపడేది. ఇంతలోనే “అమ్మాయ్, పప్పు అడుగంటుతున్నట్టుందే” అని అత్తగారి ముక్కు హెచ్చరించేది.

అందువల్ల కనకవల్లి చెవులతోనే ఆ కథలో తిరిగింది. తాలింపు చిటపటల వెనక, కుక్కరు కూతల వెనక, దూరాన గూడ్సుబండి సాగదీసుకుంటూ పోయే చప్పుడు వెనక, ఆ బంగళా మనుషుల్ని అడుగుల్ని బట్టి పోల్చుకునేది. బరువుగా ఈడ్చే అడుగులు మందాకిని అత్తగారివి. కిర్రుచెప్పులు మరిదివి. వచ్చేది తెలియకుండా వచ్చేవి మొగుడు రాజశేఖరానివి. ఆగి ఆగి, తలుపుల దగ్గర మరీ ఆగి, నడిచేది మందాకిని, ఆ బంగళాకి కోడలుగా వచ్చిన మనిషి. గొంతు సన్నం. మాట్లాడబోయి మానేసినప్పుడు ఊపిరి కూడా వినపడేది. ఆమె మొహం ఎలా ఉంటుందో కనకవల్లికి తెలియదు. తెలియని చోట తనకి తోచిన మొహం పెట్టుకుంది. అది తన మొహం కాదనే చాలాకాలం అనుకుంది.

సోమవారం, మగవాళ్ళు పనుల మీద వెళ్ళాక, పెరటిగోడ దగ్గర మిగతా సగం కథ దొరికేది. అటువైపు వీరవేణి బట్టలు ఆరేస్తూ చెప్పేది, ఇటువైపు ఈమె బియ్యం చెరుగుతూ వినేది.

“నిన్న ఏ చీర కట్టింది వదినగారూ?”

“నీలందండి. అంచు మాత్రం మా పెద్దాడపడుచు పట్టుచీర అంచులాగే ఉంది. కోడలికి అంత మంచి చీరలు పెట్టే అత్తగారు టీవీలోనే ఉంటారు లెండి.”

“మరిది అరిచాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదే. అప్పుడేం చేసింది, ఏడ్చిందా?”

“ఏడవలేదు. కిటికీలోంచి గోదారి వంక చూసిందండి, అంతే. ‘ఈవిడ చూపులకే సగం సీరియలు అయిపోతంది’ అని మా ఆయన ఒకటే గొణుగుడు.”

ఆ చూపు కోసం కనకవల్లి ప్రాణం కొట్టుకునేది. మాటలన్నీ తనకి అందాయి. మాటలు లేని చోటు మాత్రం అందలేదు.

ముందుగదిలో సిద్ధాంతాలు జోరుగా నడిచేవి. మేడమీద తాళం వేసిన గదిలో నిధి ఉందన్నాడు హరిబాబు. తీరా తెరిస్తే విరిగిన ఉయ్యాల ఉంది. రాత్రిళ్ళు మూలిగేది దెయ్యమేనని సత్యప్రసాద్ పందెం కట్టాడు. అది ఈనబోయే ఆవు. తోటమాలి మారువేషంలో ఉన్న పెద్దకొడుకని అనంతకృష్ణ వేలితో గాలిలో లెక్క వేసి మరీ నిరూపించాడు. పాపం, ఆ తోటమాలి తోటమాలిగానే పాము కరిచి పోయాడు. అందరూ పడీ పడీ నవ్వుకున్నారు. మళ్ళీ వారం ఇంకో సిద్ధాంతం, ఇంకో విడత కాఫీ.

ఉగాది ముందు ఆదివారం మొదటి భాగం ముగిసింది. ఆ రోజు వంకాయలు తరుగుతూ విన్న చప్పుళ్ళు కనకవల్లికి వరసగా గుర్తున్నాయి. బంగళా వంటింట్లో పంపు స్టవ్ బుస్సుమంటోంది. గాజులు గలగలమన్నాయి. దొడ్డితలుపు కిర్రుమంది. కాసేపు ఏమీ లేదు. తరవాత స్టవ్ ఆగిపోయింది. గాలి వదిలేస్తే చివర్న ఒక నిట్టూర్పులాంటి చప్పుడొస్తుందే, అదీ వినపడింది. ఆ వెనక గోదారి హోరు. ఎవరిదో కేక: “అమ్మగారి చెప్పులు! రేవు మెట్ల మీద అమ్మగారి చెప్పులు!” వీణ మోగింది. మొదటి భాగం సమాప్తమని తెర మీద పడిందట.

ఇక ఆ వేసవంతా నిడదవోలులో అదే చర్చ. టిక్కెట్లిచ్చే కిటికీ దగ్గర హరిబాబు, ఆస్తి కోసం మరిదే చంపాడన్నాడు. కొట్లో యూరియా బస్తాల మీద కూర్చుని సత్యప్రసాద్, కాదు, చచ్చిన తోటమాలి తమ్ముడు పగ తీర్చుకున్నాడన్నాడు. అనంతకృష్ణది మాత్రం ఆత్మహత్యే. “చెప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరైనా తోసేస్తే చెప్పులు వరసగా ఉంటాయా? ఇది ఏడో తరగతి లెక్క.” చంద్రరావుకి సిద్ధాంతం లేదు. “ఆ బంగళా కట్టిన పొలంలో సంవత్సరానికి రెండు పంటలు పండేయండి” అని మాత్రం బాధపడేవాడు.

కనకవల్లికీ ఒక సిద్ధాంతం ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. వీరవేణికి కూడా.

మందాకినిని ఎవరూ చంపలేదు. ఆమె చావనూ లేదు. వెళ్ళిపోయింది. గుమ్మం దాటబోయి వెనక్కి వచ్చి స్టవ్ ఆర్పింది చూశారా, చంపడానికి లాక్కుపోతున్న మనిషి ఆర్పుతుందా? చావడానికి పోతున్న మనిషి ఆర్పుతుందా? బతకడానికి పోయే మనిషే ఆర్పుతుంది. తను లేనప్పుడు ఇల్లు తగలబడకూడదని, తన వెనక ఎవరూ తిట్టుకోకూడదని. చెప్పులు ఎందుకు వదిలిందంటే, నదిలో వెతుక్కోమని. రోడ్డు మీద వెతక్కుండా.

బియ్యం కడిగిన ప్రతిసారీ, ఆ తెల్లటి నీళ్ళు తూములోకి జారుతున్నప్పుడు, మందాకిని ఇప్పుడు ఎక్కడుందా అనుకునేది. మొదట ద్రాక్షారామం పంపింది. అక్కడ తెలిసినవాళ్ళు ఎదురవుతారని మనసు ఒప్పక, పట్టిసీమలో దింపింది. రేవుకి దగ్గర్లో ఒక గది చూసి పెట్టింది. గదిలో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దుప్పటి. పొద్దున్నే లేచి మందాకిని ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. అవతల లంకలోని గుడికి జనాన్ని దాటించే పడవలు చూస్తుంది. ఆకలేస్తే వండుకుంటుంది, వెయ్యకపోతే లేదు. చదువుకున్న మనిషే కదా, పిల్లలకి పాఠాలు చెప్పుకుంటుంది. మామిడికాయలు కొట్టి, ఆవ దంచి, ఊరగాయ జాడీలకి వాసెనలు కట్టి, ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా కారం తన వేళ్ళకి పట్టించుకున్న ఆ ఎండాకాలంలో, కనకవల్లి ఒక్కతే ఎరిగిన ఒక ఆడమనిషి పట్టిసీమలో చల్లగా కూర్చుని ఉంది. ఆ సంగతి లోపల దాచుకుని నడుస్తుంటే నడుమునొప్పి కాస్త తగ్గినట్టుండేది.

తొలకరి పడ్డాక రెండో భాగం మొదలవుతుందని ప్రకటన వచ్చింది.

శనివారం సాయంత్రం భర్త చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, ఒక చొక్కా పూర్తిచేసి, రెండోది పరిచి, అప్పుడు అంది కనకవల్లి: “రేపు నేనూ కూర్చుని చూస్తానండీ.”

అనంతకృష్ణ పేపరులోంచి తలెత్తలేదు. “చూడు. నేనేమన్నా కట్టేశానా?”

నిజమే, అతను ఎన్నడూ కట్టెయ్యలేదు. ‘చూడు’ అన్న కాసేపటికి ‘కొంచెం మంచినీళ్ళు’ అనేవాడు, అంతే. పెళ్ళైన కొత్తలో బి.ఇడి. చదువుతానన్నప్పుడూ ఎంతో మంచిగా ఒప్పుకున్నాడు. “చదువు, చదువు. అమ్మ మోకాళ్ళు కాస్త నెమ్మదించనీ.” అత్తగారి మోకాళ్ళు ఇప్పటికీ నెమ్మదించలేదు. తోడికోడళ్ళ ముందు ఆవిడ అనే మాట కూడా ఎంతో మెప్పుగానే ఉంటుంది: “మా కనకవల్లి ఇంట్లో ఉన్నట్టే ఉండదు.” ఆ మెప్పుకి తను నవ్విన రోజులున్నాయి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు చెంపలు మండుతాయి.

ఆదివారం తెల్లవారకముందే లేచింది. పప్పు, కూర, పులుసు, పెరుగు తోడు అన్నీ తొమ్మిదిలోపే ముగించింది. కాఫీ కలిపి, తమ ఫ్లాస్కులో సగం, వీరవేణి దగ్గర అడిగి తెచ్చిన ఫ్లాస్కులో సగం పోసి, గ్లాసులతో సహా ముందుగదిలో బల్ల మీద పెట్టింది. చీర మార్చుకుంది. వాన సన్నగా పడుతోంది. అందరూ వచ్చి కూర్చున్నాక, వచ్చి వీరవేణి పక్కన చాప అంచు మీద కూర్చుంది. 

“ఇదేంటే, ఫ్లాస్కులో కాఫీ?” అంది అత్తగారు. “ఇల్లా, ఆసుపత్రా?”

“వేడిగానే ఉందండి అత్తయ్యగారూ.”

“వేడిగా ఉండటం వేరు, కాఫీ అవడం వేరు.”

సత్యప్రసాద్ నవ్వాడు. “పోనివ్వండి పిన్నిగారూ, చెల్లెమ్మ కూడా చూస్తారట. ఏం చెల్లెమ్మా, మీరెవరి పార్టీ? మరిదా, తోటమాలి తమ్ముడా, మాస్టారి ఆత్మహత్యా?”

మామూలుగా అయితే తల వంచుకుని నవ్వి ఊరుకునేది. కానీ నెలల తరబడి తనలో బతుకుతున్న మనిషి గురించి అడిగారు. నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఎవరూ చంపలేదండి. తనే వెళ్ళిపోయింది.”

తెర వైపున్న మొహాలన్నీ ఇటు తిరిగాయి.

“వెళ్ళిపోయిందా? ఎక్కడికి?” అన్నాడు హరిబాబు, రైలు పేరు అడుగుతున్నట్టు.

“ఎక్కడికో. వెళ్ళేముందు స్టవ్ ఆర్పిందండి. ఆ చప్పుడు వినపడింది. ప్రాణం తీసుకునే మనిషికి స్టవ్ గుర్తుంటుందా?”

“అది నిజమేనండోయ్” అన్నాడు చంద్రరావు నెమ్మదిగా.

“ఏంటి నిజం!” అన్నాడు అనంతకృష్ణ. నవ్వుతూనే అన్నాడు గాని, నవ్వు కళ్ళదాకా రాలేదు. “సీరియలంతా మేం చూస్తే, సిద్ధాంతం వంటింట్లోంచి వచ్చింది. స్టవ్ చప్పుడు విని కేసు తేల్చేసింది మా ఆవిడ.”

“మొగుడూ, ఇల్లూ, అంత బంగళా వదిలేసి ఎక్కడికి పోతుందే?” అత్తగారికి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. “ఎవడున్నాడు దానికి?”

“ఎవరూ లేకుండా కూడా వెళ్ళొచ్చు కదండీ” అంది కనకవల్లి.

వీణ మోగింది. అందరూ తెర వైపు తిరిగారు. ఆ వీణకి పాలు పెట్టడానికి లేవని మొదటి ఆదివారం అది. చేతులు ఒళ్ళో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుంది.

పోలీసు స్టేషన్లో బల్ల మీద ఒక ఫోటో. ఇన్‌స్పెక్టర్ దాన్ని ఇటు తిప్పాడు. “మందాకిని” అని గుసగుసగా చెప్పింది వీరవేణి. కనకవల్లి చూసింది. అయ్యో, ఇంత చిన్నపిల్లా! రెండు జడలు వేస్తే కాలేజీలో ఫస్టియర్ అంటారు. తను ఊహించుకున్నది తన ఈడు మనిషిని, ఓర్చి ఓర్చి ఆఖరికి లేచిన మనిషిని. ఈ పిల్ల ఇంకా ఓర్చుకోవడం మొదలుపెట్టినట్టే ఉంది.

తరవాత రేవు. జాలరులు వల లాగుతున్నారు. వల బరువుగా వచ్చింది. ఒడ్డున జనం. తెల్లటి గుడ్డ కప్పారు. గుడ్డ చివర్న రెండు పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి. తలుపుల దగ్గర ఆగి ఆగి నడిచిన పాదాలు. ఇన్నాళ్ళూ వినడమే గాని, వాటిని చూడటం ఇదే.

“అదిగో చెల్లెమ్మగారి మందాకిని! చుట్టపుచూపుగా వచ్చింది” అన్నాడు సత్యప్రసాద్. హరిబాబు పకపకా నవ్వాడు. అనంతకృష్ణ కూడా నవ్వాడు. ఈసారి నవ్వు కళ్ళదాకా వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ బంగళా వంటింట్లో నిలబడి అడిగాడు, స్టవ్ ఎవరు ఆర్పారని. మందాకిని అత్తగారు పమిట సర్దుకుని చెప్పింది: “కోడలు పాలు స్టవ్ మీదే వదిలేసి పోయింది. కిరసనాయిలు దండగని నేనే ఆర్పాను.”

“చూశావుటే?” అంది పడకకుర్చీలోంచి ఇంటి అత్తగారు. “ఆర్పడానికి పెద్దవాళ్ళే దిక్కు.”

మళ్ళీ నవ్వులు. కనకవల్లికి ఏవీ సరిగా వినపడలేదు. పట్టిసీమ రేవులో గది ఖాళీ అయిపోయింది. కంచం, గ్లాసు, దుప్పటి, పడవలు, ఒక వేసవి, అన్నీ ఒక్క తెల్లగుడ్డ కిందికి వెళ్ళిపోయాయి. కళ్ళు నిండాయి. సీరియల్ చూసి ఏడ్చిందంటారని రెప్పలు ఆర్పకుండా ఆపుకుంది. ఏడుపు ఆ పిల్ల కోసమేనా? ఆ పిల్ల వెళ్ళిపోయి ఉంటుందని తనకి తోచింది స్టవ్ చప్పుడు విని కాదు. వెళ్ళిపోవడమన్నది ఒకటుందని ఎవరో ఒకరు తనకి చూపించాలి గనక. వెళ్ళిపోవాలని అంతగా కోరుకున్నది తనే. తెలుసుకోవడానికి ఇంతకాలం, ఇంతమంది నవ్వు కావలసి వచ్చింది.

తెర మీద డాక్టరు ఇన్‌స్పెక్టరుతో అంటున్నాడు: “ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు. నదిలో పడకముందే ప్రాణం పోయింది.”

“అదీ! ఆత్మహత్య కాదన్నమాట” అన్నాడు హరిబాబు. “మాస్టారి లెక్క తప్పిందండోయ్.”

“తప్పితే తప్పింది” అన్నాడు అనంతకృష్ణ హాయిగా, కాలు మీద కాలు వేసుకుని. “అయితే ఇంకో లెక్క ఉంది, వినండి. చెప్పులు పెట్టింది ఎవరు? అక్కణ్ణుంచి రావాలి మనం.” మిగతావాళ్ళు కుర్చీల్లో ముందుకి వంగారు, వినడానికి. ఎవరూ నవ్వలేదు.

కనకవల్లి ఆ వంగిన వీపుల్ని చూసింది. నిధి అన్నవాడు, దెయ్యం అన్నవాడు, మారువేషమన్నవాడు. ఒక్కళ్ళూ ఒక్క వారమైనా నిజం చెప్పలేదు. అయినా ఎవరి కుర్చీ వాళ్ళకే ఉంది. వీళ్ళకి ఈ గదిలో చోటు ఇచ్చింది తెలివి కాదు. తప్పు చెప్పి కూడా కూర్చుని ఉండగలగడం.

ప్రకటనలు మొదలయ్యాయి.

“వల్లీ, ఫ్లాస్కుది ఎవరూ ముట్టుకోలేదు చూడు” అన్నాడు అనంతకృష్ణ, ఎంతో మామూలుగా. “తాజాగా తలో గ్లాసు కలిపి పట్రా. నీ కథ ఎలాగూ తేలిపోయిందిగా.”

ఆమె మోకాలు అలవాటుగా కదిలింది. ఒక చెయ్యి నేలకి ఆనింది కూడా. లేవడానికి ఆనించిన ఆ చేతి మీదే బరువంతా మోపి, సరిగా, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పక్కన వీరవేణి ఏమీ అనకుండా చాప మీద కొంచెం జరిగింది.

“వల్లీ?”

“ఇంకొకటి తోస్తోందండి.” గొంతు వణికింది. వణకనిచ్చింది. “రాజశేఖరానికి తెలుసు.”

“మొగుడికా?” అన్నాడు సత్యప్రసాద్. “అతనేం చేశాడమ్మా పాపం, ఆ పొద్దున్నంతా హాల్లో పేపరు చదువుకుంటున్నానని ఇందాక ఇన్‌స్పెక్టరుతో అన్నాడుగా?”

“అందుకేనండి. పాలు స్టవ్ మీద ఉన్నాయంటే అతనింకా కాఫీ తాగలేదు. కాఫీ రాలేదని కేకెయ్యని మొగుణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. అతను కేకెయ్యలేదు. అంటే, ఇక తెచ్చే మనిషి లేదని అతనికి తెలుసు.”

 చంద్రరావు, ప్రకటనలొచ్చాక తను తిరగేస్తున్న పేపరుని మెల్లగా మడిచి పక్కన పెట్టాడు. అత్తగారు కొడుకు వైపు చూసి, చూపు తిప్పుకుంది. అనంతకృష్ణ ఏదో అనబోయి, ఏమనాలో తెలియక, ఆగిపోయాడు. మాట లేని ఆ చోటుని కనకవల్లి మొదటిసారి దగ్గర్నుంచి చూసింది.

“తప్పైతే వచ్చే ఆదివారం నవ్వుదురుగాని” అంది. “నేనిక్కడే కూర్చుని ఉంటాను.”